ప్లేటును చూసి ప్లేయర్ కొనండి: పాత రికార్డులు ఇంట్లో వినడానికి టర్న్‌టేబుల్ ఎంపిక, అమరిక

అటక మీదో బీరువా అడుగునో తాతగారి నాటి రికార్డు ప్లేట్లు ఉన్న ఇళ్ళు తిరుపతి, చిత్తూరు పక్క ఇంకా ఉన్నాయి. వాటిని మళ్ళీ వినాలనిపించగానే చాలామంది ముందు ఆన్‌లైన్‌లో ప్లేయర్ వెతుకుతారు. అది చివర చేయాల్సిన పని. ముందు ప్లేట్లన్నీ కిందికి దించి, మెత్తటి పొడిగుడ్డతో పైదుమ్ము తుడిచి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడండి. ఏ ప్లేయర్ కొనాలో సగం అవే చెబుతాయి.

మొదట ప్లేట్లను మూడు దొంతులుగా వేయండి

10 అంగుళాల వెడల్పుండి, చేతికి బరువుగా తగిలి, గోటితో తడితే పింగాణీ పళ్ళెంలా మోగేవి మొదటి దొంతి. ఇవి లక్కతో చేసిన 78 ప్లేట్లు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. ఒక్కో పక్క మూడు, మూడున్నర నిమిషాలకు మించి ఉండదు. కింద పడితే కుండపెంకులా పగులుతాయి, కాబట్టి ఈ దొంతిని నేలమీద పరుపు వేసుకుని సర్దండి. చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై, చిత్తూరు నాగయ్య గార్ల గొంతులను ఆ రోజుల్లో ఇళ్ళకు చేర్చినవి ఈ ప్లేట్లే. సంగీతం పిచ్చి ఉన్న ఇంట్లో ఈ దొంతే పెద్దదైనా ఆశ్చర్యం లేదు.

12 అంగుళాలవి ఎల్పీలు. వినైల్‌తో చేసినవి గనక కొద్దిగా వంగుతాయి, నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతాయి, పక్కకు ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా మోగుతాయి. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చిన రకం ఇది. మన పక్క ఎన్నో ఇళ్ళలో కనిపించే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం 1963లో వచ్చింది ఈ ఎల్పీగానే.

7 అంగుళాల చిన్న ప్లేట్లు మూడో దొంతి. వీటిలో ఎక్కువ భాగం 45 చుట్లవి, కొన్ని 33⅓వి కూడా ఉన్నాయి. ఊహించకండి, లేబుల్ మీద అంకె చదవండి. నడిమి బొక్క పెద్దగా ఉన్నవి కనబడితే ఒక అడాప్టర్ బిళ్ళ కావాలి. చాలా ప్లేయర్లతో అది పాటే వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 78 దొంతి ఖాళీగా ఉంటే మీ పని తేలిక, ఏ మంచి ప్లేయరైనా సరిపోతుంది. ఆ దొంతి పెద్దదైతే మీకు రెండు కావాలి: 78 వేగం, 78 ముల్లు. మొదటిది చూసుకుని రెండోది మరిచిపోవడమే మామూలుగా జరిగే పొరపాటు.

ఎల్పీ ముల్లు మొన గుండ్రదనం సుమారు 18 మైక్రాన్లు. 78కి కావాల్సింది సుమారు 75, అంటే నాలుగింతలు లావు. సన్నముల్లు 78 గాడిలో గోడలను తాకదు. అడుగుకు దిగి, యాభై అరవై ఏళ్ళుగా పేరుకున్న మట్టిని గీసుకుంటూ పోతుంది. అందుకే పాట వెనక పోపు చిటపటలాడినట్టు వినిపిస్తుంది, ప్లేటు అరిగిపోయిందని మీరు దాన్ని పక్కన పడేస్తారు. సరైన ముల్లుతో అదే ప్లేటు వేసి చూడండి, గొంతు ముందుకొస్తుంది. తిరగేసి చేస్తే నష్టం పూడ్చలేనిది: లావుముల్లు ఎల్పీ గాడిలోకి దిగలేక అంచులను చెక్కేస్తుంది.

78లు నాలుగైదే ఉంటే మాత్రం వాటికోసం ప్లేయర్ ఎంపికను మార్చుకోకండి. ఎల్పీలకు మంచిది కొనుక్కుని, ఆ నాలుగింటినీ ప్లేయర్ ఉన్నవారి దగ్గర ఒకసారి రికార్డు చేయించుకోండి.

ఇంకొక్క మాట. ఇంట్లో కీ ఇచ్చే పాత గ్రామఫోను ఉంటే దానిమీద ఎల్పీ గానీ 7 అంగుళాల ఈపీ గానీ వేయవద్దు, పిల్లల సరదాకైనా సరే. దాని ఉక్కు ముల్లు మీద పడే బరువు వంద గ్రాములు దాటుతుంది. వినైల్ ప్లేటు ఒక్కసారికే పనికిరాకుండా పోతుంది. లక్క ప్లేటుకైనా ప్రతి పక్కకూ కొత్త ఉక్కు ముల్లు మార్చాలి.

సూట్‌కేస్ ప్లేయర్ ఎందుకు వద్దంటున్నామంటే

చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రంగురంగుల పెట్టె, మూత తీస్తే ప్లేయర్, లోపలే స్పీకర్లు, పైగా చవక. పుట్టినరోజుకు కొనిచ్చేది ఎక్కువగా ఇదే. కానీ ముల్లును మోసే చేతిని, అంటే ఆర్మ్‌ను, వేలితో మెల్లగా పైకెత్తి చూడండి. ఆర్మ్ ప్లాస్టిక్‌ది, వెనక బరువు సరిచేసే గుండు లేదు. దాని చివర ఉండేది సెరామిక్ కార్ట్రిడ్జ్, అంటే ముల్లు అదురును సిగ్నల్‌గా మార్చే చిన్న భాగం. అది ముల్లును 5 గ్రాముల దాకా, ఒక్కోసారి అంతకు మించి, గాడిలోకి నొక్కుతుంది. మంచి ప్లేయర్‌లో ఆ నొక్కుడు 2 గ్రాముల దగ్గర ఉంటుంది. మొన వెంట్రుకకన్నా సన్నం గనక ఈ మూడు గ్రాముల తేడా గాడి గోడకు పెద్ద తేడా. కొన్నిటిలో మొన వజ్రం కూడా కాదు, కృత్రిమ కెంపో నీలమో. అది తొందరగా అరిగి ఉలిలా పదునెక్కుతుంది, ఆ తర్వాత వేసిన ప్రతి ప్లేటునూ కొంచెం కొంచెం కోస్తుంది.

రెండో ఇబ్బంది స్పీకర్లు. శబ్దం చేసే స్పీకరూ, శబ్దాన్ని పట్టే ముల్లూ ఒకే పెట్టెలో ఉంటే స్పీకర్ అదురు ముల్లుకు చేరుతుంది. మృదంగం తొప్పి మోగగానే ముల్లు ఎగిరి దూకుతుంది. దూకకుండా ఉండాలని ఆర్మ్ తలమీద, అంటే కార్ట్రిడ్జ్ కూర్చునే చోట, రూపాయి బిళ్ళ అతికిస్తారు. అప్పటికే ఎక్కువైన బరువుకు అది ఇంకా తోడవుతుంది.

సంతలో యాభై రూపాయలకు దొరికిన ప్లేటు మీద ఈ ప్రయోగాలు చేసుకోవచ్చు. తాతగారి ప్లేటు ఇంకొకటి దొరకదు.

ప్లేయర్‌లో చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు ఆర్మ్, దాని చివరి కార్ట్రిడ్జ్. ఆర్మ్ వెనక తిప్పితే జరిగే గుండు, పక్కన అంకెలున్న యాంటీస్కేట్ మీట (ఆర్మ్ ప్లేటు నడిమికి లాక్కుపోకుండా ఆపేది) ఉన్నాయా చూడండి. కార్ట్రిడ్జ్ మూవింగ్ మాగ్నెట్ రకానిదై ఉండాలి. ముల్లు విడిగా ఊడదీసి మార్చుకునేలా, ఆ ముల్లు ఇప్పుడు మార్కెట్లో దొరికేలా ఉండాలి. మూవింగ్ కాయిల్ రకం జోలికి మొదట్లో పోకండి. అది ఇచ్చే సిగ్నల్ అర మిల్లీవోల్టు లోపే, దానికి తగిన ఆంప్లిఫయర్ కావాలి, చాలావాటిలో ముల్లు ఇంట్లో మార్చడం కుదరదు.

తర్వాత మోటారు. బెల్టుతో తిరిగేది, నేరుగా తిరిగేది అని రెండు రకాలు. ఏది గొప్పదన్న వాదన తెగదు, మీకు అది అక్కర్లేదు. బెల్టు రకంలో మోటారు అదురు ప్లాటర్‌కు (ప్లేటు పెట్టే తిరుగుడు పళ్ళేనికి) తక్కువగా చేరుతుంది, కానీ రబ్బరు బెల్టు కొన్నేళ్ళకు సాగుతుంది, మన ఎండలకు ఇంకాస్త ముందే. నేరుగా తిరిగేదానిలో వేగం నిలకడగా ఉంటుంది, మార్చాల్సిన బెల్టు ఉండదు. ధర మాత్రం ఎక్కువ.

ఆటోమేటిక్‌గా ఉండాలా వద్దా అన్నది వినేవాళ్ళను బట్టి. చేతులు వణికే పెద్దవాళ్ళు వాడేదైతే బటన్ నొక్కగానే ఆర్మ్ తనే వెళ్ళి దిగి, పాట అయ్యాక తనే వెనక్కొచ్చేది తీసుకోండి. ఈ పనికి ఆడియో టెక్నికా ఎల్పీ 60 ఎక్స్ సరైనది. ముల్లు ఇచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీఆంప్ లోపలే ఉంది, ముల్లు విడిగా దొరుకుతుంది. లోపం కూడా తెలుసుకుని కొనండి: 33⅓, 45 వేగాలే ఉన్నాయి, ముల్లు బరువు ఫ్యాక్టరీలో పెట్టిందే, కార్ట్రిడ్జ్ మార్చడానికి వీల్లేదు.

78 దొంతి ఉన్నవారికి అదే కంపెనీ ఎల్పీ 120 ఎక్స్ మా సలహా. మూడు వేగాలూ ఉన్నాయి. ఆర్మ్ గుండు, యాంటీస్కేట్ ఉన్నాయి. తల విప్పి మార్చుకోవచ్చు. దానితో వచ్చే వి.ఎం. 95 ఇ కార్ట్రిడ్జ్‌కు ఉన్న పెద్ద సౌకర్యం ఏమంటే, ఒళ్ళు అలాగే ఉంచి ముందుభాగం మాత్రం లాగేసి, 78 కోసం అమ్మే ఎస్.పి. ముల్లు తగిలించుకోవచ్చు. అర నిమిషం పని. ముల్లు మార్చిన ప్రతిసారీ దాని పెట్టెమీద రాసిన బరువుకు గుండు సరిచేయడం మరవకండి.

డబ్బంతా ప్లేయర్ మీదే పెట్టేయకండి. నాలుగో వంతు పక్కన ఉంచండి. స్పేర్ ముల్లు, కార్బన్ బ్రష్, బరువు చూసే చిన్న తూకం, అవసరమైతే ఫోనో ప్రీఆంప్, వీటికి అది కావాలి.

పాతది కొనాలనుకుంటే

చెన్నై సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ వైపో, బెంగళూరు పాత సామాను బజారులోనో, తెలిసినవాళ్ళ ఇంట్లోనో పాత టర్న్‌టేబుల్ కనిపిస్తే వెంటనే బేరం ఆడకండి. మీ ప్లేటొకటి, ఫోనులో స్టాప్‌వాచ్, చిన్న కాగితం ముక్క వెంట తీసుకెళ్ళండి.

కరెంటు పెట్టకముందు ఆర్మ్ చూడండి. తల దగ్గర రెండు వేళ్ళతో పట్టి అటూ ఇటూ, పైకీ కిందికీ అతి మెల్లగా కదపండి. కీలు దగ్గర టకటకమంటే బేరింగ్ పోయింది, వదిలేయండి. ఆర్మ్ వదిలితే అడ్డంగా ఎక్కడా పట్టకుండా జారాలి. ప్లాటర్‌ను చేత్తో ఒక తిప్పు తిప్పి చెవి దగ్గర పెట్టండి. గరగర వినిపించకూడదు.

తర్వాత కార్ట్రిడ్జ్ మోడల్ నంబరు చదివి, ఆ ముల్లు ఇప్పుడు దొరుకుతుందా అని అక్కడే నిలబడి ఫోనులో వెతకండి. దొరక్కపోతే తల విప్పే రకమా చూడండి. నాలుగు పిన్నులతో తోసి బిగించే మామూలు తల అయితే కొత్త కార్ట్రిడ్జ్ పెట్టుకోవచ్చు. రెండూ కాకపోతే ఆ పెట్టె షోకేసు బొమ్మే. టెక్నిక్స్ ఎస్ఎల్ 1200 లాంటివి పాతవైనా ధర నిలబెట్టుకోవడానికి ఇదొక కారణం. 1972లో మొదలైన మోడల్, తల మామూలు రకం, భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

ఇక వేగం. ప్లేటు అంచు దగ్గర కాగితం ముక్క పెట్టి, 33⅓ మీద తిప్పి, 3 నిమిషాలు చుట్లు లెక్కపెట్టండి. సరిగ్గా 100 రావాలి. 99 వచ్చినా 101 వచ్చినా నూటికి ఒకటి తేడా, చాలామంది చెవికి అందదు. 94కో 106కో పోతే అర స్వరం మారినట్టు. 45 అయితే నిమిషానికి 45 చుట్లే లెక్క.

లెక్కలో 83 దగ్గర ఆగిందనుకోండి. అది పాడైన ప్లేయర్ కాదు, అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ప్లేయర్. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పాత ఏసీ మోటార్లు హెర్ట్జ్‌ను బట్టి తిరుగుతాయి. కన్వర్టర్ పెడితే వోల్టు తగ్గుతుంది గానీ హెర్ట్జ్ మారదు. ఆరు చుట్లు తిరగాల్సిన చోట ఐదే తిరుగుతుంది. ఐదు శ్రుతిలో పాడిన గొంతు మూడు శ్రుతికి జారి, ఆడగొంతు మగగొంతులా బరువెక్కుతుంది. ఆ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితేనే బాగవుతుంది. జపాన్‌లో సగం దేశం 50, సగం 60 గనక అక్కడి పాత ప్లేయర్లలో కొన్నిటికి రెండింటికీ ఏర్పాటు ఉంటుంది. అడుగున చూడండి. కొత్త ప్లేయర్లతో ఈ గొడవ లేదు, వాటి డీసీ అడాప్టర్ మీద 100–240 అని రాసి ఉంటే చాలు.

చివరి పరీక్షకు తంబూరా బాగా వినిపించే ప్లేటో, నాదస్వరమో వీణో నిలిపి పట్టిన స్వరమో వేయండి. సినిమా పాట ఈ పరీక్షకు పనికిరాదు, దాని హడావుడిలో తప్పు దాక్కుంటుంది. శ్రుతి ఊయలలా ఊగుతుంటే బెల్టు సాగింది లేదా నూనె ఎండింది. బెల్టు వేలికి బంకలా అంటితే కొత్తది వేయించాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగేటప్పుడు పాత బెల్టు చుట్టుకొలత, వెడల్పు, మందం రాసుకెళ్ళండి. ప్లేటు బొక్క నడిమధ్య లేకపోయినా శ్రుతి ఊగుతుంది, అందుకే రెండు ప్లేట్లు వేసి చూస్తేగానీ తప్పు ప్లేయర్‌దని అనకండి.

తీగలు ఎక్కడికి

మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. హోమ్ థియేటర్ ఆక్స్ రంధ్రం అడిగేది దానికి యాభై, వంద రెట్లు. పైగా ప్లేటు కోసేటప్పుడు కింది స్వరాలను తగ్గించి, పై స్వరాలను పెంచి కోస్తారు. అది తిరగేసి సరిచేయాలి. ఈ రెండు పనులూ చేసేదే ఫోనో ప్రీఆంప్.

అది మూడు చోట్లలో ఒకచోటే ఉండాలి: ప్లేయర్ లోపల, విడి పెట్టెలో, లేదా ఫోనో అని రాసిన రంధ్రం ఉన్న పాత ఆంప్లిఫయర్‌లో. ఎక్కడా లేకపోతే పాట దోమ పాటలా సన్నగా, కింది స్వరాలు లేకుండా వినిపిస్తుంది. రెండు చోట్ల ఉంటే బొంగురుపోయి పగిలినట్టు వస్తుంది. ప్లేయర్ వెనక ఫోనో, లైన్ అని చిన్న మీట ఉంటుంది. ఆక్స్‌కు పెడితే లైన్, ఆంప్లిఫయర్ ఫోనో రంధ్రానికి పెడితే ఫోనో.

ప్లేయర్ నుంచి సన్నటి ఎర్త్ తీగ వస్తే దాన్ని ప్రీఆంప్ మీది గ్రౌండ్ మరకు బిగించండి. గుయ్‌మనే మోత చాలాసార్లు ఇక్కడే ఆగుతుంది. ఆగకపోతే గోడ ప్లగ్గు చూడండి. మూడు బొక్కల ప్లగ్గు ఉన్నంతమాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ గుంత ఎండిపోయినా ఎర్త్ బలహీనపడుతుంది, గుంతలో నీళ్ళు పోయించండి.

ఇంట్లో ఏ చోటు

గోడలోకి దించి కట్టిన కడప బండ అర మన పక్క ఇళ్ళలో మామూలే. టర్న్‌టేబుల్‌కు అంతకంటే మంచి చోటు లేదు. నడిచినా కదలదు, స్పీకర్ అదురు అంతగా పట్టదు. లోతు 40 సెంటీమీటర్లు ఉందో లేదో, మూత పూర్తిగా తెరుచుకుంటుందో లేదో కొలుచుకోండి. అర లేకపోతే బరువైన చెక్క బల్ల పెట్టండి. ప్లాస్టిక్ స్టూలు, చక్రాల టీవీ స్టాండు వద్దు. స్పీకర్లు అదే బల్లమీద పెట్టకండి.

మేస్త్రీ వాడే చిన్న రసమట్టం తెచ్చి ప్లాటర్ మీద నిలువుకూ అడ్డానికీ పెట్టి చూడండి. బుడగ నడిమికి వచ్చేదాకా కాళ్ళు తిప్పండి. కాళ్ళు తిరగని రకమైతే అడుగున అట్టముక్క.

పూజగది పక్కన పెట్టవద్దు. సాంబ్రాణి పొగ, కర్పూరం మసి, దీపం నూనె ఆవిరి కలిసి ప్లేటు మీద జిడ్డుపొరలా కూర్చుంటాయి. బ్రష్‌తో అది పోదు. వంటింటి గాలి తగిలే చోటూ అంతే.

అమరిక: ముల్లు బరువు

ఎల్పీ 60 ఎక్స్ లాంటిదైతే ఇక్కడ మీ పని ఒక్కటే. ప్లాటర్ లోపల బెల్టుకు కట్టిన రిబ్బన్‌ను పట్టి లాగి, మోటారు ఇత్తడి పుల్లీ మీద తగిలించాలి. మెలిక పడకుండా చూసి, రిబ్బన్ తీసేసి, చేత్తో పదిసార్లు తిప్పండి.

గుండు ఉన్న ఆర్మ్ అయితే తొందర లేకుండా, పగటి వెలుతురులో, ఫ్యాన్ ఆపి కూర్చోండి. యాంటీస్కేట్ 0 మీద పెట్టండి. ముల్లు తొడుగు తీసేయండి, వేలు తగలనీయకండి. ఆర్మ్‌ను స్టాండు నుంచి విడిపించి, ప్లాటర్‌కు బయట గాలిలో ఉంచి, వెనక గుండును కొంచెం కొంచెం తిప్పండి. మొదట తల కిందికి వాలుతుంది, తిప్పుతూ పోతే పైకి లేస్తుంది. ఈ రెంటి మధ్య ఒక చోట ఆర్మ్ త్రాసు ముల్లులా అడ్డంగా తేలుతుంది. అక్కడ ఆపి, ఆర్మ్‌ను స్టాండులో పెట్టి, గుండు కదలకుండా పట్టుకుని దాని ముందున్న అంకెల వలయం మాత్రం 0కు తిప్పండి. ఇప్పుడు గుండూ వలయమూ కలిపి కార్ట్రిడ్జ్‌కు చెప్పిన అంకె దాకా తిప్పాలి. వి.ఎం. 95 ఇ అయితే 2.0. యాంటీస్కేట్ కూడా అదే అంకెకు.

వలయం అంకెను పూర్తిగా నమ్మకండి. గ్రాములో నూరో వంతు చూపే చిన్న డిజిటల్ తూకం మీద ముల్లు దించి సరిచూడండి. తూకం పళ్ళెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్ అయస్కాంతం దాన్ని లాగి తప్పు చూపిస్తుంది, తూకం పైభాగం ప్లేటు మందానికి ఎంత ఎత్తులో ఉంటే అంత తేడా వస్తుంది. ముల్లు తూకాలని విడిగా అమ్మేవి ఈ రెండూ చూసుకుని చేస్తారు, అవి కొనండి.

తక్కువ బరువు పెడితే ప్లేటు తక్కువ అరుగుతుందనుకోవడం తప్పు. చెప్పినదానికన్నా తేలికైతే ముల్లు గాడిలో నిలవక ఎగిరెగిరి గోడలను కొడుతుంది. కంపెనీ 1.8 నుంచి 2.2 అని చెబితే 1.8 కన్నా 2.0 మేలు.

కార్ట్రిడ్జ్ మీరే బిగిస్తే నాలుగు తీగల రంగులు ఇవి: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. తర్వాత కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే ప్రోట్రాక్టర్ కాగితం ప్లాటర్ మీద వేసి, నడిమి కడ్డీ నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గరుండే రెండు చుక్కల మీదా కార్ట్రిడ్జ్ పక్కలు గీతలకు సమంగా నిలిచేదాకా జరిపి మరలు బిగించండి. కాగితం ముద్రించేటప్పుడు సైజు మారిందేమో స్కేలుతో కొలవండి. ఇది తప్పితే ప్లేటు చివరి పాటలో స, శ అక్షరాలు ఉమ్మినట్టు వినిపిస్తాయి.

ప్లేట్లు కడగడం, దాచడం

వేసే ప్రతిసారీ ప్లేటు తిరుగుతుండగా కార్బన్ బ్రష్‌ను రెండు చుట్లు ఆనించి, మెల్లగా అంచుకు జార్చి తీయండి. ముల్లును వెనక నుంచి ముందుకే తుడవాలి. అడ్డంగా తుడిస్తే దాని సన్నటి కడ్డీ వంగుతుంది.

జిడ్డుపట్టిన ఎల్పీకి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల వాసనలేని గిన్నెల సబ్బు చాలు. మెత్తటి గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ తుడిచి, గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడన ఆరబెట్టండి. లేబుల్ తడవనీయకండి. బోరు నీళ్ళు వద్దు, బకెట్టుకు తెల్లటి పొర కట్టే ఆ ఉప్పే గాడిలోనూ కడుతుంది.

78 లక్క ప్లేటుకు స్పిరిట్, శానిటైజర్, స్ప్రే ఏవీ తగలకూడదు. వడ్రంగి తలుపులకు వేసే స్పిరిట్ పాలిష్ అంటే లక్కను స్పిరిట్‌లో కరగబెట్టినదే. మీ ప్లేటుకూ అదే జరుగుతుంది, పాట గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది.

వినైల్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో తలుపులు బిగించిన కారు లోపల ఆ వేడి సులువుగా వస్తుంది. చెన్నైలో ప్లేట్లు కొని తెస్తూ అలిపిరి దగ్గర కారు ఆపి కొండెక్కే ఆలోచన ఉంటే ముందు ప్లేట్లను ఇంట్లో దించండి. ఇంట్లోనూ పడమటి గోడ, మిద్దె కప్పు కింది అటక వద్దు. నిలువుగా, ఒకదానిమీద ఒకటి వాలకుండా పెట్టండి. నూరు ఎల్పీలు అట్టలతో ఇరవై కిలోలు దాటుతాయి, అర బలం చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు కాలం, అట్టలకు బూజు పడుతుంది. అరలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి. ప్లేటుకు నేరుగా తగిలే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు ఉంటే తీసేసి కాగితం కవర్లు వేయండి, ఎండకు అవి ప్లేటుకు అంటుకుంటాయి.

మొదటి వారంలో వచ్చే తకరారులు

ఒక స్పీకర్ పలకకపోతే వెనక ఎరుపు, తెలుపు తీగలు తారుమారు చేసి చూడండి. మౌనం రెండో స్పీకర్‌కు మారితే తప్పు ప్లేయర్ వైపు, మారకపోతే ఆంప్లిఫయర్ వైపు. ప్లేయర్ వైపయితే ముందు తల విప్పి, పిన్నులు పొడిగుడ్డతో తుడిచి బిగించండి. చాలావరకు అదే.

ముల్లు ఒకేచోట దూకితే ఆ గాడిలో మురికి. అన్నిచోట్లా దూకితే బరువో మట్టమో తప్పింది. కుడి స్పీకర్ మాత్రమే గరగరలాడితే యాంటీస్కేట్ కొంచెం పెంచండి.

పాట మధ్యలో కరెంటు పోతే చేతి ఆర్మ్ అయితే వెంటనే ఎత్తి స్టాండులో పెట్టండి. లేకపోతే ఇన్వర్టర్ రాగానే ముల్లు గాడిలో ఉండగానే ప్లేటు కదులుతుంది. ఆటోమేటిక్ రకం ఆర్మ్ సగం దారిలో ఆగిపోతే చేత్తో తోయవద్దు, లోపలి పళ్ళు విరుగుతాయి. కరెంటు వచ్చాక స్టాప్ నొక్కితే తనే వెనక్కి పోతుంది.

వజ్రపు ముల్లు మామూలు గుండ్రటి మొనది 500 గంటలు, కోలమొనది 300 గంటలు అని లెక్కపెట్టుకోండి. ఎల్పీ నలభై నిమిషాలు అనుకుంటే 500 గంటలంటే 750 ఎల్పీలు. రోజుకొకటి వేసే ఇంట్లో రెండేళ్ళు. కొత్త ముల్లు వేసిన తేదీ చిన్న కాగితం మీద రాసి, ప్లేయర్ అడుగున అతికించండి.